రాళ్ళవాగు పులి పేజీ

ముత్యాలు రాళ్ళవాగు ఒడ్డున బోర్లా పడి ఉన్నాడు.

మెడ వెనక కండ లేదు. కుడిచెయ్యి మోచేతి దగ్గర విరిగి, వీపు మీదికి మడతపడి ఉంది. రక్తం ఇసుకలోకి ఇంకి నల్లబడింది. ఈగలు లేస్తున్నాయి, వాలుతున్నాయి. నీటి అంచు నుంచి శవం దాకా, మూట లాగినట్టు, ఇసుకలో వెడల్పాటి చార.

ఎస్సై ఉషారాణి అక్కడికి చేరేసరికి ఉదయం తొమ్మిదయింది.

వాగు ఇంకా కనబడకముందే కానిస్టేబుల్ నాగలక్ష్మి జేబులో డోలు మోగింది. ధన్, ధన్, ధన్. నాగలక్ష్మి ఎగిరి ఉషారాణి భుజం పట్టుకుంది.

"పులి మేడం! ఇక్కడే ఉందండి!"

"నీ ఫోనే అది. ముందు నా భుజం వదులు."

పినపాక దాటాక అడవి అంచు గూడేల్లో అందరికీ తెలిసిన వెబ్ పేజీ అది. పులి కనబడ్డ చోట మ్యాపు మీద ఎర్రచుక్క పడుతుంది, అర్ధరాత్రికి చెరిగిపోతుంది. ఆ చుక్కకు రెండొందల గజాల లోపలికి పోతే ఫోన్ డోలు కొడుతుంది. అయితే అడవిలో టవర్ లేదు. చింతగుంపు గూడెం పక్కనున్న బోడిగుట్ట ఎక్కితేనో, దూరంగా తారు రోడ్డు మీదికి పోతేనో సిగ్నల్. అందుకని జనం పొద్దున్నే గుట్ట ఎక్కి, పేజీ తెరిచి, దాన్ని మూయకుండా జేబులో వేసుకుని అడవిలోకి దిగుతారు. పేజీ మోసుకుపోవడం అంటారు దాన్ని. నాగలక్ష్మి మధిర పిల్ల. గుట్ట దగ్గర ఎవరో చెబితే తనూ ఒకటి మోసుకొచ్చింది.

ముత్యాలు ఈ పనిలో జీతగాడు. పులి అడుగులు వెతికి చెప్పే మనిషి. పేజీ నడిపే స్వచ్ఛంద సంస్థ అతన్ని పెట్టుకుంది. ఆ పేజీ తయారుచేసింది అతని తమ్ముడు ప్రభాకర్. ఖమ్మంలో కంప్యూటర్ చదువు చదివి వచ్చాడు.

ఉషారాణి మోకాళ్ళ మీద కూర్చుంది. శవాన్ని కాకుండా ముందు ఇసుకను చూసింది. తర్వాత మెడను చూసింది. చాలాసేపు చూసింది.

"నాగలక్ష్మీ, పులి మెడ పడితే ఎన్ని కోరలు దిగుతయ్?"

"నాలుగండి."

"ఇక్కడ లెక్కపెట్టు."

నాగలక్ష్మి వంగింది. "ఒక్కటే బొక్క. మళ్ళీ మళ్ళీ దిగింది. ఒకే సైజు."

"ఇనుప కొక్కెం. దానితో గుచ్చి గుచ్చి చీల్చిండు. అంతకు ముందు గొడ్డలి." ఆమె జుట్టు పక్కకు తొలగించింది. పుర్రె పగిలి ఉంది. "లాగిన చార ఉంది గాని పులి అడుగు ఒక్కటి లేదు. తడి ఇసుకల రెండు క్వింటాళ్ళ జంతువు గాలిల నడవదు."

చనిపోయినవాడి చొక్కా జేబులో ఫోన్ ఇంకా వెలుగుతోంది. పులి పేజీ తెరిచే ఉంది. చార్జింగ్ ఎనిమిది శాతం.

"మేడం, రీఫ్రెష్ కొట్టనా?"

"చెయ్యి తియ్! ఏ బటనూ నొక్కకు. పవర్ బ్యాంక్ పెట్టి, గట్లనే కవర్ల వెయ్. ఆరిపోతే నీ ఉద్యోగం ఆరిపోతది."

ఎందుకు కాపాడుతున్నదో ఆమెకే ఇంకా తెలియదు. చచ్చినవాడు చివరిసారి చూసింది ఏదైనా చెరిపేయకూడదు, అంతే.

అప్పుడే గుట్ట దారిలో ఒక ఆడమనిషి ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది.

"జల్దీ రండి! ప్రభాకర్‌ను చంపుతున్నరు!"

*

చింతగుంపులో నలభై మంది ఒక మనిషి చుట్టూ మూగి ఉన్నారు.

ప్రభాకర్‌ను ట్రాక్టర్ తొట్టి చక్రానికి కట్టేశారు. కనుబొమ చిట్లి రక్తం కంట్లోకి కారుతోంది. కుడిచేతి వేళ్ళు ఉబ్బి, వంకర్లు తిరిగి ఉన్నాయి. అతని ఎదురుగా రోకలి పట్టుకుని నిలబడ్డది అతని తల్లి జంపక్క. మొదటి దెబ్బ ఆమెదే.

ఉషారాణి గాలిలోకి కాల్చింది.

జనం వెనక్కి జరిగారు. జంపక్క జరగలేదు.

"ఏ చేత్తో ఆ చుక్క పెట్టినవ్‌రా? ఈ చేత్తోనేనా? అన్నను తినెటందుకు పులిని పిలిచిన చెయ్యి ఇదేనా?"

"నేను పెట్టలేదమ్మా..."

రోకలి మళ్ళీ లేచింది. నాగలక్ష్మి రెండు చేతులతో పట్టి లాగేసింది. ఉషారాణి కట్లు కోసింది. ప్రభాకర్ మట్టిలో కూలబడ్డాడు.

"ఎవరు చెప్పిండ్రు మీకు ఈయన చుక్క పెట్టిండని?"

గుంపు వెనక నుంచి ఒక మెత్తటి గొంతు వచ్చింది. "నేనే మేడం. చెప్పకుండ ఉంటే బాగుండు."

తెల్ల చొక్కా, మెడలో ఐడీ కార్డు. సంస్థ కోఆర్డినేటర్ భాను. మణుగూరు ఆఫీసు అతనిది.

"పొద్దున సర్వర్ చూసిన. 5:31కి రాళ్ళవాగు కాడ పులి ఉన్నట్టు ఎంట్రీ పడ్డది. ప్రభాకర్ లాగిన్‌తోని. రాత్రి ముత్యాలు నాకు ఫోన్ చేసి ఏడ్చిండు. అన్నా, మా తమ్ముడు లేని పులులు పెడుతుండు, పొద్దుగాల వాగుకాడికి పోయి నేనే చూస్తా, రేంజర్‌కు చెప్తా అన్నడు. గది వీళ్ళకు చెప్పిన. కొట్టమని చెప్పలే. వద్దు వద్దు అన్నా వినలే."

"ఎంత దూరం నిలబడి అన్నవ్, వద్దని?"

భాను మెడలో ఐడీ కార్డు సవరించుకున్నాడు.

ఉషారాణి ప్రభాకర్‌ను జీపు ఎక్కించబోయింది. నలుగురు మగవాళ్ళు ఒక దుంగ దొర్లించుకొచ్చి జీపు ముందు పడేశారు. గొడ్డళ్ళు భుజాల మీదే ఉన్నాయి.

"బండి కదలదు మేడం. వీడు ఊరు దాటితే మల్ల దొరకడు."

జంపక్క వచ్చి ఉషారాణి ముందు నిలబడింది. కళ్ళలో తడి లేదు.

"చెప్పు బిడ్డా. వాన్ని చంపింది వీడేనా? అవ్ అంటే నువ్వు జైలుకు కొంటపోయే పని లేదు. ఇద్దరినీ ఇయ్యాల్నే మట్టిల పెడత. కాదంటే ఎవడో చూపియ్యి."

మణుగూరు నుంచి ఫోర్స్ రావడానికి గంటన్నర పడుతుంది. చేతిలో ఒక రివాల్వర్, ఒక కానిస్టేబుల్. ఎదురుగా నలభై మంది.

"పొద్దు నడినెత్తికి వచ్చేలోపల చూపిస్త," అంది ఉషారాణి. "అప్పటిదాక వీని మీద చెయ్యి పడితే, ఆ చెయ్యి ఎవరిదైనా సరే, నేను విరగ్గొడత."

*

అంగన్‌వాడీ గదిలో ప్రభాకర్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నాగలక్ష్మి అతని వేళ్ళకు స్కేలు ముక్క పెట్టి గుడ్డ చుడుతోంది.

"నిన్న అన్నతో కొట్లాడినవా?"

"అవ్ మేడం."

"ఎందుకు?"

"వాగు కాడ నెల నుంచి చుక్కలు పడుతున్నయ్. అన్నకు ఒక్క అడుగు కనబడలే. నా పేరు మీద పడుతున్నయ్. ఎవనితోని కలిసినవ్‌రా, ఎవన్ని లోపటికి పంపుతున్నవ్ అని అడిగిండు. నాకు తెల్వదన్న. నమ్మలే. నా ఫోన్ గుంజి బండకేసి కొట్టిండు."

"ఎవరు చూసిండ్రు?"

"గూడెం మొత్తం చూసింది."

"ఫోన్ ఏది?"

అతను ఎడంచేత్తో జేబులోంచి తీశాడు. ఫోన్ కాదు, రెండు ముక్కలు.

"నీ పాస్‌వర్డ్ ఇంకెవరికి తెలుసు?"

"ఆఫీసుల తెలుసు. భాను సార్‌కు తెలుసు. ఆయన కంప్యూటర్‌ల సేవ్ చేసి ఉంటది. ఇంక ఎవరన్న చూసినా చూస్తరు."

"ఇంకెవరైన అన్న మీద కోపం ఉన్నోళ్ళు?"

"దేవ్లా. మేపొద్దన్న కోర్ అడవిలకు మేకలు తోలిండని అన్న పట్టించిండు."

నాగలక్ష్మి బయటికి వెళ్ళి దేవ్లాను తీసుకొచ్చింది. పక్క తండా మనిషి. తలపాగా, నోట్లో తంబాకు. అతని గొడ్డలికి రక్తం ఉంది.

"ఇదేంది?"

"మేక నెత్తురు మేడం. తండాల పెండ్లి. కావాలంటే కూర కూడ తెప్పిస్త."

"పొద్దున ఏడున్నవ్?"

"తండాల్నే. రాత్రి తాగిన, పొద్దున పండుకున్న. మా ఆడోల్లను అడుగు. నన్ను తిట్టిన తిట్లు నెంబరేసి చెప్తరు."

"వాగుకాడికి పోయినవా?"

"పులి ఉందని పేజీ చెప్తుంటే ఎవడు పోతడు? శవం చూస్తానికి కూడ పోలే."

తర్వాత భాను. కుర్చీ తుడుచుకుని కూర్చున్నాడు.

"పొద్దున ఎక్కడున్నరు?"

"మణుగూరుల. ఏడున్నర దాక నిద్ర. ఫోన్ వస్తే లేచిన."

"శవం చూసిండ్రా?"

"లేదు మేడం. నెత్తురు చూస్తే కండ్లు తిరుగుతయ్ నాకు. తారు రోడ్డు మీద సీదా గూడేనికే వచ్చిన. ఆ వాగు దిక్కు నేను ఎన్నడూ పోలే. నాది ఆఫీసు పని."

"ముత్యాలు ఎట్ల చచ్చిండనుకుంటున్నరు?"

"వీడు దొంగ చుక్క పెట్టి జనాన్ని రాకుండ చేసి, అన్నను వెంబడించిండు. లేకపోతే నిజంగనే పులి వచ్చిందేమో. ఫోన్ మోగిందంట గద. కన్నమ్మ విన్నదంట."

ఉషారాణి తలెత్తింది. "కన్నమ్మ ఎవరు?"

*

కన్నమ్మ ఇప్పపువ్వు గంప పక్కన గోడ నీడలో ముడుచుకుని కూర్చుంది. డెబ్బై ఏళ్ళుంటాయి.

"పులి ఉన్న చోటికి ఒక్కదానివి పోయినవా అవ్వా?"

"నాకు ఫోనేడిది బిడ్డా? పులి ఉందని నాకు ఎవరు చెప్తరు? రాత్రి రాలిన పువ్వు ఎండ రాకముందే ఏరుకోవాలె."

"ఏమి విన్నవ్?"

"డోలు మోగింది. మూడు దెబ్బలు కొట్టి టక్కున ఆగిపోయింది. మనిషి నోరు మూసినట్టు. జరసేపటికి ముత్యాలు అరుపు. అన్నా అన్నడు. ఎవన్ని పిలిచిండో. మల్ల కట్టె కొట్టినట్టు సప్పుడు. గంప ఆడ్నే పడేసి ఉరికిన." ఆమె చెంగు నోట్లో కుక్కుకుంది. "నేను కేకేస్తే బతికేటోడేమో."

"కేకేస్తే నువ్వు కూడ చచ్చేటిదానివి. అప్పుడు ఎంత పొద్దయింది?"

"వెలుగొచ్చింది. సూర్యుడు పొడవలే."

సుమారు ఆరుకు కొంచెం ముందు. ఉషారాణి గదిలోకి వచ్చి కవరులోంచి ముత్యాలు ఫోన్ తీసింది. తెర మీద మ్యాపు. పైన చిన్న అక్షరాలు: ఈ పేజీ తయారైన సమయం ఉదయం 5:05.

ఆమె ఆ మ్యాపు మీద రాళ్ళవాగును వెతికింది. వాగు వంపు కనబడింది. ఇప్పచెట్లు కనబడ్డాయి.

ఎర్రచుక్క లేదు.

మళ్ళీ చూసింది. నాగలక్ష్మి ఫోన్ తీసుకుని పక్కన పెట్టింది. దానిలో వాగు మీద చుక్క రక్తపు బొట్టులా ఉంది.

"ప్రభాకర్! రెండు ఫోన్లల రెండు రకాలుగ ఎందుకుంది?"

అతను ముందుకు వంగి చూశాడు. నొప్పి మరిచిపోయాడు.

"పేజీ సర్వర్ కాడ తయారైతది మేడం. ఎవరు ఎప్పుడు అడిగితే అప్పుడు కొత్తగ తయారైతది. అప్పటిదాక ఉన్న చుక్కలన్నీ దాంట్లో పడతయ్. అట్ల తయారుచేసేటప్పుడే దాని కడుపుల చిన్న ప్రోగ్రాం పెట్టి పంపిస్త. జావాస్క్రిప్ట్ అంటరు. అది సర్వర్‌ల నడవదు. తెరిచినోని ఫోన్‌ల నడుస్తది. తెర ఆరకుండ కూడ అదే చూస్తది. టవర్ పోయినా సరే, జీపీఎస్ చూసుకుంట, మోసుకొచ్చిన చుక్కలతోని పోల్చుకుంట పోతది. కొత్త చుక్కలు మాత్రం దానికి తెల్వవు."

"అంటే 5:05కి తెరిచిన పేజీకి..."

"5:31 చుక్క తెల్వదు." అతను అన్న ఫోన్ తెరనే చూస్తున్నాడు. "అన్న ఫోన్ మోగనే లేదు మేడం. మోగలేదు."

ఇంతసేపూ అందరూ తమ ఫోన్లలో చుక్కను చూస్తున్నారు. చచ్చినవాడి ఫోన్‌లోకి ఎవరూ చూడలేదు.

ఉషారాణి కిటికీలోంచి జనం వైపు చూసింది. అయితే ఆ తెల్లవారుజామున రాళ్ళవాగు దగ్గర రెండో ఫోన్ ఉంది. 5:31 తర్వాత తెరిచిన పేజీ దానిలో ఉంది. దొంగ చుక్క పెట్టినవాడు, అది పడిందో లేదో చూసుకోవడానికి పేజీ తెరిచాడు. అలాగే జేబులో వేసుకున్నాడు. తను పుట్టించిన పులిని తన ఫోనే నమ్మింది.

కాని ఎవడి ఫోన్?

*

ప్రభాకర్‌ను గదిలో పెట్టి తాళం వేసి, కన్నమ్మను తీసుకుని మళ్ళీ వాగుకు వెళ్ళారు. శవాన్ని దుప్పటిలో చుట్టి గూడేనికి మోయించారు. ఆమె ఇప్పచెట్టు కింద నిలబడి రోడ్డు వైపు చెయ్యి చూపింది. డోలు అటునుంచి వినబడిందట. అటు పొదల వెనక కొమ్మలు, ఎండుటాకులు కుప్పగా ఉన్నాయి. ఉషారాణి వాటిని బూటుతో తన్నింది. కింద టేకు మొద్దులు. నరికిన చోట తడి ఇంకా ఆరలేదు. పక్కన దుంగ ఒకటి. దాని చివర కొక్కెం దిగిన బొక్క.

ముత్యాలు మెడలో ఉన్న బొక్క సైజే.

పులి ఉందంటే జనం రారు. జనం రాకపోతే టేకు పోతుంది. ముత్యాలు వచ్చాడు, చచ్చిపోయాడు.

"మేడం," అంది నాగలక్ష్మి మెల్లగా. "నా ఫోన్ మోగలేదండి. పొద్దున మోగింది కదా. ఇప్పుడెందుకు మోగలేదు?"

ఉషారాణి ఆగిపోయింది. ఫోన్ తీసుకుంది. సౌండ్ నిండా ఉంది. పేజీ తెరిచే ఉంది. వాళ్ళు నిలబడ్డది చుక్క మీదే. ఆమె వేలితో చుక్కను తాకింది. చిన్న పెట్టె తెరుచుకుంది. దానిలోని వాక్యం రెండుసార్లు చదివింది.

తర్వాత నవ్వింది. ఆ నవ్వు చూసి నాగలక్ష్మి ఒక అడుగు వెనక్కి వేసింది.

గూడేనికి రాగానే ప్రభాకర్‌ను ఒకే ప్రశ్న అడిగింది. అతను చెప్పాడు. "ఒక్క చుక్కకు ఒక్కసారే మోగేటట్టు పోయిన వారమే మార్చిన మేడం. పొలం పక్కన చుక్క పడితే పొద్దంత మోగుతుందని ఆడోల్లు తిట్టిండ్రు. గందుకే మోగంగనే ప్రోగ్రాం ఆ ఫోన్‌లనే గుర్తు రాసుకుంటది. పేజీ మూసినా, మల్ల తెరిచినా ఆ గుర్తు పోదు."

"సర్వర్‌ల ఉంటదా ఆ గుర్తు?"

"ఉండదు. ఫోన్‌లనే."

"ఆఫీసుల ఎవరికైన చెప్పినవా?"

"ఎవరడిగిండ్రు మేడం చెప్పెటందుకు?"

*

పదకొండున్నరకు ఉషారాణి అందరినీ బోడిగుట్ట ఎక్కించింది. సిగ్నల్ దొరకగానే ముందు మణుగూరుకు ఫోన్ చేసి ఫోర్స్ పంపమంది. భాను, దేవ్లా, జంపక్క, కన్నమ్మ, గూడెం పెద్దలు, గొడ్డళ్ళు పట్టిన మగవాళ్ళు. ప్రభాకర్‌ను ఇద్దరు రెక్కలు పట్టి నడిపించారు.

"శవం కాడికి పోయినోళ్ళు పక్కకు జరగండి. పోనోళ్ళు ముందుకు రండి."

దేవ్లా వచ్చాడు. భాను వచ్చాడు. గూడెం పెద్దల్లో ఇద్దరు వచ్చారు.

"పేజీ తెరవండి. సౌండ్ నిండా పెట్టండి. ఫోన్ చేతుల్నే పట్టుకోండి. మూయొద్దు."

భాను నవ్వాడు. "ఏంది మేడం ఇది? చుక్క ఉంది, అందరివీ మోగుతయ్. ఏం తెలుస్తది?"

"మోగనీ. మోగితే పోయేదేముంది?"

దిగి వాగు దారి పట్టారు. ఎండ మాడుస్తోంది. ఎండుటాకులు కాళ్ళ కింద చిట్లుతున్నాయి.

వాగు వంపు తిరగగానే ఒక పెద్దాయన చేతిలో డోలు మోగింది. వెంటనే రెండో ఆయనది. ఆ వెనకే దేవ్లాది. దేవ్లా ఉలిక్కిపడి ఫోన్ కింద పడేశాడు.

"పండుకున్న పులిని లేపుతుంది ఇది!"

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. ఎందుకంటే ఉషారాణి నవ్వలేదు. ఆమె భాను చేతిలోకి చూస్తోంది.

పది అడుగులు నడిచారు. ఇరవై అడుగులు. ఇసుక వచ్చింది. రక్తం ఇంకిన చోటు వచ్చింది.

భాను ఫోన్ మోగలేదు.

"సిగ్నల్ లేదు మేడం," అన్నాడు.

"వాళ్ళకూ లేదు."

"సౌండ్ తక్కువుందేమో..."

ఉషారాణి ఫోన్ లాక్కుంది. జనానికి చూపించింది. "సౌండ్ నిండా ఉంది. ఈ పేజీ ఒక్క పులికి ఒక్కసారే మోగుతది. మోగంగనే, మోగిన అని ఆ ఫోన్‌లనే రాసి పెట్టుకుంటది. మల్ల మోగదు. వాగు దిక్కు ఎన్నడూ రానోని ఫోన్ ఇప్పుడు మోగాలె. ఎందుకు మోగలే? ఇంతకు ముందే ఇక్కడ మోగింది గనుక."

ఆమె ఎర్రచుక్కను తాకింది. పెట్టె తెరుచుకుంది. ప్రభాకర్ ముఖం ముందు పెట్టింది.

"చదువు. గట్టిగ."

ప్రభాకర్ పెదవులు పగిలి ఉన్నాయి. అయినా వాగు అవతలికి వినబడేలా చదివాడు.

"ఈ పులి సంగతి మీకు చెప్పాను. ఉదయం 5:58."

కన్నమ్మ కేకేసింది. "పొద్దు పొడవకముందు! నేను విన్నది గప్పుడే!"

"రోడ్డు మీద నిలబడి 5:31కి ప్రభాకర్ పేరు మీద చుక్క పెట్టినవ్," అంది ఉషారాణి. "పడ్డదా లేదా అని పేజీ తెరిచి చూసినవ్. జేబుల వేసుకుని లోపటికి వచ్చినవ్. ముత్యాలు నిన్ను నమ్మి రాత్రే చెప్పిండు, ఎక్కడికి వస్తడో. డోలు మోగితే వెంటనే దాని నోరు నొక్కినవ్. తర్వాత, ముత్యాలు ఫోనే మోగిందనుకుంటరులే అనుకున్నవ్. ఆఫీసు కంప్యూటర్‌ల అంతా తుడిచినవేమో. ఇది అక్కడ లేదు. నీ చేతుల్నే ఉంది."

భాను మెత్తటి మనిషిలా నిలబడ్డాడు ఒక్క క్షణం. మరుక్షణం పక్కవాడి భుజం మీది గొడ్డలి అతని చేతిలో ఉంది.

మొదటి వేటు ఉషారాణి ఎడమ భుజం మీద పడింది. ఖాకీ చీలింది. ఎముకకు తగిలిన చప్పుడు ఆమెకే వినబడింది. రెండో వేటు ఎత్తేలోపల నాగలక్ష్మి అతని నడుం మీదికి దూకింది. అతను ఆమెను బండకేసి విసిరాడు. ప్రభాకర్ వైపు తిరిగాడు.

ఉషారాణి కాల్చింది.

తొడ పగిలింది. భాను ఇసుకలో పడి, పశువులా అరిచాడు. గొడ్డలి నీళ్ళలో పడింది.

జనం మీదపడ్డారు. కాళ్ళు, కర్రలు, పిడికిళ్ళు. పొద్దున ప్రభాకర్‌ను కొట్టిన చేతులే. పళ్ళు రాలాయి. ఒకడు అతని పగిలిన తొడ మీద నిలబడి తొక్కాడు. ఉషారాణి రెండోసారి గాలిలోకి కాల్చింది. చాలామంది చెదిరారు.

జంపక్క చెదరలేదు. రెండు చేతులతో పెద్ద బండరాయి ఎత్తింది. భాను తల పైకి తెచ్చింది.

ఉషారాణి ఆ రాయి కింద నిలబడింది. భుజం నుంచి రక్తం వేళ్ళ దాకా కారుతోంది.

"వెయ్యి అమ్మా. కాని ముందు చెప్పు. నీ కొడుకును దవాఖానాకు కొంటపోవాలె. వేళ్ళు అతికించాలె. నువ్వు జైలుకు పోతే వాని పక్కన ఎవరు కూసుంటరు?"

రాయి గాలిలోనే ఆగింది.

"అడిగేది నిన్నే. ఎవరు కూసుంటరు?"

జంపక్క రాయిని పక్కకు విసిరేసింది. అది వాగులో పడి నీళ్ళు ఎగజిమ్మాయి.

*

మధ్యాహ్నం ఒంటిగంటకు ఫోర్స్ వచ్చింది. భానును వ్యానులో వేసుకుని వెళ్ళారు. అతని బండి రోడ్డు పక్క పొదల్లో దొరికింది. సీటు కింద గోనెసంచిలో కొక్కెం, గొడ్డలి ఉన్నాయి. కడగడానికి అతనికి తీరిక దొరకలేదు.

గూడెం చివర రెండు బండ్లు నిలబడ్డాయి. ట్రాక్టర్ తొట్టిలో గడ్డి పరిచి, ముత్యాలును పడుకోబెట్టి దుప్పటి కప్పారు. అది మణుగూరు పోతుంది, పోస్టుమార్టానికి. జీపులో ప్రభాకర్. అది భద్రాచలం పోతుంది, పెద్ద దవాఖానాకు. దారులు రెండు, దిక్కులు రెండు. జీపు ముందు అడ్డం వేసిన దుంగను అదే నలుగురు పక్కకు దొర్లించారు. ప్రభాకర్ కళ్ళలోకి ఒక్కడూ చూడలేదు.

జంపక్క ట్రాక్టర్ తొట్టి పట్టుకుని నిలబడింది. దుప్పటి కింద నుంచి కొడుకు పాదం బయటికి వచ్చి ఉంది. దానికి అంటిన ఇసుకను చెంగుతో తుడిచింది. వేళ్ళ సందులు కూడా తుడిచింది.

డ్రైవర్ ఇంజన్ స్టార్ట్ చేసి, ఆమె ఎక్కుతుందని ఆగాడు.

"నువ్వు అన్న తోనే పో అమ్మా," అన్నాడు ప్రభాకర్ జీపులోంచి. ముఖం అటు తిప్పుకునే ఉన్నాడు. "నాకు వీళ్ళున్నరు."

ఆమె పాదం మీద దుప్పటి లాగింది. తొట్టి వదిలింది.

"వానికి ఇంక నొప్పి లేదురా," అంది.

జీపు ఎక్కడానికి ఆమెకు చేతకాలేదు. భుజానికి కట్టుతో ఉన్న ఉషారాణి మంచి చెయ్యి అందించింది. జంపక్క కొడుకు పక్కన కూర్చుని, అతని విరిగిన చేతిని తన ఒడిలో పెట్టుకుంది. గుడ్డ చుట్టిన వేళ్ళ జోలికి పోలేదు. మణికట్టు కింద అరచెయ్యి ఆనించింది. ప్రభాకర్ చెయ్యి లాక్కోబోయాడు. కాసేపటికి ఊరుకున్నాడు.

ట్రాక్టర్ ముందు కదిలింది. దుమ్ము లేచింది. జీపు రెండో వైపు తిరిగింది. జంపక్క మెడ తిప్పి, వెనక కిటికీలోంచి ట్రాక్టర్ వైపే చూస్తూ కూర్చుంది. టేకు చెట్ల మధ్య అది కనబడుతూ, మాయమవుతూ పోయింది. గోతుల్లో జీపు ఎగిరిపడ్డ ప్రతిసారీ, చూడకుండానే, ఆమె అరచెయ్యి కొడుకు మణికట్టును కొంచెం పైకి ఎత్తి పట్టింది.